సైట్‌లో సివిల్ అప్రెంటిస్: తిరుపతి, చిత్తూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్ పూర్తిచేసి, లేదా చివరి ఏడాదిలో ఉండి, పని నేర్చుకుందామని సైట్‌కు వచ్చే పిల్లలు అడిగే ప్రశ్నలివి. కొన్ని వాళ్ల అమ్మానాన్నలు అడిగినవి. తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు, చిత్తూరు చుట్టుపక్కల పనులను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లండి.

ఇంటర్న్‌షిప్ అన్నా అప్రెంటిస్‌షిప్ అన్నా ఒకటే కదా?

కాదు. ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగం. జేఎన్‌టీయూ అనంతపురం సిలబస్‌లో చదివే బీటెక్ వాళ్లకు చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు, ప్రాజెక్టుకే పోతుంది. దానికి మార్కులు, క్రెడిట్లు ఉంటాయి. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం.

అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నడిచేది. 1961 అప్రెంటిస్ చట్టం మొదట ఐటీఐ ట్రేడుల కోసం వచ్చింది. 1973 సవరణతో డిగ్రీ, డిప్లొమా ఇంజినీర్లూ అందులోకి వచ్చారు. మనవాళ్లు నాట్స్ అని పిలిచే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో శిక్షణ ఒక సంవత్సరం. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారం చూసేది చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. మీరూ కంపెనీ ఇద్దరూ నాట్స్ పోర్టల్‌లో నమోదై, ఒప్పందం అక్కడ రిజిస్టర్ కావాలి. "రేపట్నుంచి వచ్చేయ్ నాయినా, పని నేర్చుకుందువు" అని ఎవరైనా అంటే సంతోషంగా వెళ్లండి, కానీ దాన్ని అప్రెంటిస్‌షిప్ అనుకోకండి. ఏడాది తర్వాత చేతికి సర్టిఫికెట్ రాదు.

ఒకసారి అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లకూ, ఏడాది లేదా అంతకుమించి ఉద్యోగం చేసినవాళ్లకూ ఈ పథకం వర్తించదు. అందుకని డిగ్రీ చేతికి రాగానే ఆలోచించాలి.

ఇంగ్లండ్‌లో పని చేస్తూనే డిగ్రీ చదువుతారట కదా. మనకు అది లేదా?

అక్కడ 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అనే పద్ధతి ఉంది. సివిల్ ఇంజినీరింగ్‌లోనూ ఉంది. కుర్రవాడు మొదటి రోజు నుంచే కంపెనీ ఉద్యోగి, జీతం వస్తుంది, చదువు ఫీజు తను కట్టక్కర్లేదు. పని గంటల్లోనే చదువుకు సమయం ఇవ్వాలన్నది నిబంధన. మనదగ్గర సివిల్ కోర్సు చాలావరకు ముందు డిగ్రీ, తర్వాత అప్రెంటిస్‌షిప్ అన్న వరుసలోనే ఉంది. నన్నడిగితే వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఫీజు సంగతి కాదు. సైట్‌లో ఏం నేర్చుకున్నాడో ప్రతి అంశానికీ రుజువు రాసిపెట్టుకునే అలవాటు అక్కడ కోర్సులోనే ఉంది. ఆ పని మనమూ చేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్టైపెండ్ ఎంత ఇస్తారు?

2019లో సవరించిన నిబంధనలు నెలకు కనీస మొత్తాన్ని డిగ్రీ వాళ్లకు 9,000 రూపాయలుగా, డిప్లొమా వాళ్లకు 8,000గా పెట్టాయి. ఇప్పుడెంతో నాట్స్ పోర్టల్‌లో చూసుకోండి. నాట్స్‌లో కనీస మొత్తంలో సగాన్ని కేంద్రం భరిస్తుంది. కంపెనీ అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. సంతకం చేసేముందు ఒప్పందంలో ఉన్న అంకె చదవండి. భోజనం, గది ఇస్తామని నోటిమాటగా చెప్పి స్టైపెండ్‌లో కోత పెట్టేవాళ్లున్నారు కాబట్టి అదీ అడిగేయండి. మొహమాటపడొద్దు.

పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయా? సైట్‌లో దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? (ఒక నాన్నగారి ప్రశ్న)

అప్రెంటిస్ చట్టం ప్రకారం మీ అబ్బాయి శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాదు. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. కానీ శిక్షణలో ప్రమాదం జరిగి గాయమైతే పరిహారం చెల్లించే బాధ్యత యజమానిదేనని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందం రిజిస్టర్ అయిందో లేదో చూసుకోమని పదేపదే చెప్పేది ఇందుకే. కాగితం లేకపోతే ఆ హక్కు కోసం కొట్లాడటం కష్టం.

వచ్చి మూడు వారాలైంది. ఎవరూ ఏమీ నేర్పడం లేదు. గొడుగు కింద కూర్చోబెడుతున్నారు. ఏం చేయాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సైట్ ఇంజినీరు మాస్టారు కాదు. పొద్దున్నే సిమెంటు లారీ, పది గంటలకు క్లయింటు ఫోను, మధ్యాహ్నం బిల్లు, సాయంత్రం లేబర్ లెక్క. మీకు పాఠం చెప్పే తీరిక ఆయనకు ఎప్పటికీ రాదు. ఆయన కోసం ఎదురుచూస్తే ఏడాదంతా గొడుగు కిందే గడిచిపోతుంది.

ఇలా చేయండి. ముందురోజు సాయంత్రమే రేపటి పని ఏమిటో కనుక్కోండి. ఆ పనికి సంబంధించిన డ్రాయింగ్ తీసి, నేల మీద ఏం ఉండాలో మీ పుస్తకంలో అంకెల్లో రాసుకోండి: ఫుటింగ్ (పునాది) లోతు, కాలమ్ (స్తంభం) మధ్యగీతల దూరం, కడ్డీల సంఖ్య, కాంక్రీటు ఎన్ని ఘనపు మీటర్లు. పొద్దున టేపు పట్టుకుని వెళ్లి కొలవండి. రాసిన అంకె, కొలిచిన అంకె కలిస్తే డ్రాయింగ్ చదవడం వచ్చినట్టు. కలవకపోతే ఇంకా మంచిది, మీకో ప్రశ్న దొరికింది.

ఆ ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. "సార్, ఫుటింగ్ గురించి చెప్పండి" అంటే "పుస్తకం చూడు" అంటారు. "సార్, డ్రాయింగ్‌లో లోతు 1.8 మీటర్లు ఉంది. రెండో వరుసలో 1.65 దగ్గర రాయి తగిలిందని తవ్వడం ఆపేశారు. అలా వదిలేయొచ్చా, డిజైనర్‌ను అడగాలా?" అంటే చేతిలో ఫోను పక్కన పెట్టి మరీ మాట్లాడతారు. మన ప్రాంతంలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఒకే ప్లాట్‌లో ఒక మూల గట్టి రాయి, ఇంకో మూల పూడ్చిన మట్టి ఉండటం ఇక్కడ మామూలే. తగిలింది అసలు రాయి పరుపా, మట్టిలో కూరుకున్న గుండా అన్నది తేల్చకుండా ముందుకెళ్లకూడదు.

ఇంకో మాట. ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్ ఖాళీగా ఉన్నప్పుడల్లా అడిగి తీసుకోండి. బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గర మొదలుపెట్టి, సైట్ చుట్టి, మళ్లీ అదే బెంచ్‌మార్క్ దగ్గర ముగించి తేడా ఎంత వచ్చిందో చూసుకోండి. ఎండ ముదరకముందే చేయండి. మే నెలలో పదకొండు దాటాక స్టాఫ్ (కొలత గీతలున్న పొడవాటి కర్ర) మీది అంకెలు నిలకడగా కనపడవు.

స్లాబ్ స్టీల్ చెక్ చేసి రమ్మన్నారు. ఏం చూడాలో తెలియదు.

ముందు కడ్డీ సైజు. మి.మీ.లో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 10 మి.మీ. కడ్డీ మీటరుకు 0.617 కిలో. తెగిన ముక్క ఒకటి తూచి చూడండి.

తర్వాత దూరం. 150 మి.మీ.కు ఒకటి అని డ్రాయింగ్‌లో ఉంటే ఒక్క సందు కొలిచి వచ్చేయకండి. పదకొండు కడ్డీలు లెక్కపెట్టి, మొదటిదాని మధ్య నుంచి పదకొండోదాని మధ్య వరకు 1,500 ఉందా చూడండి. ఒక్క సందును ఎవరైనా సర్దేస్తారు, పదింటిని సర్దడం కుదరదు. గోడ అంచుల్లో, లిఫ్టు గుంట పక్కన, బాత్‌రూమ్ దగ్గర ఎక్కువగా తప్పులు దొరుకుతాయి. నడిమధ్య ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మూడోది కవర్, అంటే కడ్డీని కప్పి ఉండే కాంక్రీటు మందం. కవర్ బ్లాకులు ఉన్నాయా, పగిలిపోయాయా, వాటి బదులు జల్లి ముక్కలు పెట్టారా? కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తేలికపాటి వాతావరణంలో కనీస కవర్ 20 మి.మీ., మధ్యస్థంలో 30. కాలమ్‌కు మామూలుగా 40, ఫుటింగ్‌కు 50.

నాలుగోది బాల్కనీ, సన్‌షేడ్. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. బయటికి పొడుచుకొచ్చిన స్లాబ్‌లో లాగుడు పైభాగంలో ఉంటుంది, కాబట్టి అసలు కడ్డీలు పైనే ఉండాలి. కట్టేటప్పుడు పైనే కడతారు. కాంక్రీటు పోసేటప్పుడు దాని మీదుగా పదిమంది నడుస్తారు, పైపు లాగుతారు, కడ్డీలు కిందికి దిగిపోతాయి. లెక్క చూడండి: 125 మి.మీ. మందం, 20 కవర్, 10 మి.మీ. కడ్డీ అయితే కడ్డీ మధ్య నుంచి అడుగు వరకు 100 మి.మీ. ఉంటుంది. బలం దాని మీదే ఆధారపడుతుంది. కడ్డీ 40 మి.మీ. దిగిందంటే 60 మిగులుతుంది. వంపును తట్టుకునే శక్తి 40 శాతానికి పైగా పోయినట్టే. పైనుంచి చూస్తే స్లాబ్ నున్నగా, అందంగానే ఉంటుంది. అందుకే చైర్లు (పై కడ్డీలను ఎత్తిపట్టే వంచిన కడ్డీ ముక్కలు) ఎన్ని పెట్టారో పోయడానికి ముందు లెక్కపెట్టండి, పోస్తున్నంతసేపూ బాల్కనీ దగ్గరే నిలబడండి. కుర్చీ ఎక్కడ వేసుకోవాలా అని వెతికే అప్రెంటిస్‌కు నేను చూపించే చోటు అదే.

కాంక్రీటు బండి వచ్చాక మేస్త్రి నీళ్లు పట్టమంటున్నాడు. నేను చిన్నవాణ్ణి, ఏం చెప్పగలను?

"ఏం కాదు సార్, నేనుండా గదా" అంటాడు. ఆయనకు పని వచ్చు, ఆ మాటలో సందేహం లేదు. కాంక్రీటు పలచగా ఉంటే ఆయన కూలీలకు శ్రమ తగ్గుతుంది, అంతే. మీరు అంకె చెప్పండి.

ఘనపు మీటరుకు 340 కిలోల సిమెంటు, 170 లీటర్ల నీళ్లు ఉన్న మిక్స్ అనుకుందాం. నీళ్లూ సిమెంటూ నిష్పత్తి 0.50. ఆరు ఘనపు మీటర్ల బండిలో 50 లీటర్లు కలిపితే ఘనపు మీటరుకు ఎనిమిది లీటర్లు పెరిగి నిష్పత్తి 0.52 దాటుతుంది. మధ్యస్థ వాతావరణంలో ఆర్‌సీసీకి (కడ్డీలున్న కాంక్రీటుకు) ఐఎస్ 456 ఒప్పుకునే గరిష్ఠం 0.50. నిజంగానే బిగుసుకుపోయి ఉంటే ప్లాంటు వాళ్లతో మాట్లాడి అడ్మిక్చర్‌తో (కాంక్రీటులో కలిపే రసాయనంతో) సరిచేయించాలి. ఆ నిర్ణయం మీది కాదు, మేస్త్రిదీ కాదు, ఇంజినీరుది. మీరు చేయాల్సింది స్లంప్ తీసి (కాంక్రీటు ఎంత పలచగా ఉందో కొలిచి), అంకె రాసి, ఆయనకు ఫోన్ చేయడం. మేస్త్రితో గొడవకు దిగొద్దు. నలుగురి ముందు ఆయన్ను తప్పుపడితే మిగతా ఏడాది ఆయన మీకు ఒక్క ముక్క చెప్పడు. మట్టం గొట్టం పట్టుకోవడం, గుండు వేలాడదీసి కాలమ్ నిటారు చూడటం, రాయి మీద సుత్తి మోత విని పగులు పసిగట్టడం లాంటివి ఏ ప్రొఫెసర్ దగ్గరా దొరకవు. ఆయన దగ్గరే దొరుకుతాయి.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. రెడీమిక్స్ బండి నింపిన రెండు గంటల్లోపు ఖాళీ చేయాలన్నది ఐఎస్ 4926 నియమం. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ నాడు, ఊళ్లో బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఆ రోజుల్లో పెద్ద స్లాబ్ పెట్టుకోకపోవడమే తెలివి. ఎండాకాలంలో గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఐఎస్ 7861లోని జాగ్రత్తలు పాటించాలి. అందుకే మేలో ఇక్కడ స్లాబులు తెల్లవారుజామున మొదలవుతాయి. నిద్ర లేవలేనివాళ్లకు ఇది మొదటి పరీక్ష.

క్యూబులు ఎన్ని తీయాలి?

కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసి ఉంచే దిమ్మెలే క్యూబులు. ఐఎస్ 456లో పట్టిక ఉంది. 5 ఘనపు మీటర్ల వరకు ఒక శాంపిల్, 6 నుంచి 15 వరకు రెండు, 16 నుంచి 30 వరకు మూడు, 31 నుంచి 50 వరకు నాలుగు, ఆపైన ప్రతి 50కి ఇంకొకటి. ఒక శాంపిల్ అంటే మూడు క్యూబుల సగటు. వాటిలో ఏ ఒక్కటీ సగటుకు 15 శాతం మించి తేడా ఉండకూడదు. 28 రోజుల ఫలితమే లెక్క, 7 రోజులది ముందస్తు కబురు. ఏ క్యూబు ఏ బండిలోది, ఆ బండి ఏ మూల పోశారు అన్నది రాయకపోతే ఫలితం తక్కువ వచ్చినప్పుడు స్లాబ్‌లో ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. అప్రెంటిస్ వల్ల సైట్‌కు మొదటి నెల నుంచే ఉపయోగపడే పని ఇది.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పొచ్చు?

సెంట్రింగ్ అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే పలకలు, ఆనికలు. మామూలు ఓపీసీ సిమెంటుకు ఐఎస్ 456 చెప్పే కనీస గడువులు: కాలమ్, గోడల పక్కలకు 16 నుంచి 24 గంటలు, స్లాబ్ కింద ఆనికలు 4.5 మీటర్ల లోపు దూరానికి 7 రోజులు, దాటితే 14. బీమ్ కింద 6 మీటర్ల లోపు 14, దాటితే 21. మనదగ్గర ఎక్కువగా వాడే పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు) నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఈ రోజులు చాలవు, ఇంజినీరు పొడిగించాలి. సెంట్రింగ్ సామాను అద్దె రోజురోజుకీ పెరుగుతుంటుంది కనుక తొందర చేసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

డైరీ రాయమంటున్నారు. రోజూ ఏం రాయాలి?

"ఈ రోజు కాలమ్ కాంక్రీటు జరిగింది, చాలా నేర్చుకున్నాను" అని రాస్తే అది మీకే పనికిరాదు. తేదీ, వాతావరణం, ఎక్కడ, ఎంత పని, ఎంతమంది చేశారు, డ్రాయింగ్ నంబరు, దాని రివిజన్. తర్వాత మీరు వేసుకున్న అంకె, కొలిచిన అంకె, తేడాకు కారణం. చేత్తో ఒక చిన్న బొమ్మ. ఫోటో తీస్తే పక్కన టేపు పెట్టి తీయండి, కొలత లేని ఫోటో ఆరు నెలల తర్వాత మూగది. సర్టిఫికెట్ అందరి చేతిలోనూ ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూలో నేనైతే డైరీయే అడుగుతాను.

నేను ట్రైనీని. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

మీరు స్వయంగా కొలిచినదానికి "కొలిచింది" అన్న చోట పేరు రాసి పెట్టండి. "ఆమోదించింది" అన్న చోట వద్దు. చూడనిదానికి, పని అయిపోయాక వెనక తేదీ వేసి అడిగినదానికి అసలే వద్దు. "నాకు ఆ అధికారం లేదు సార్" అంటే చాలు. అది నిజం కూడా.

ఆఫీసులో ఆటోక్యాడ్ దగ్గర కూర్చోబెట్టారు, సైట్‌కు పంపడం లేదు.

వారానికి ఒక రోజైనా పంపమని రాతపూర్వకంగా అడగండి. మీరు గీసిన డ్రాయింగ్‌తో కడ్డీలు కట్టేవాళ్లు ఎక్కడ తల గోక్కుంటున్నారో చూస్తే మీ డ్రాయింగ్ మారుతుంది.

అమ్మాయిలకు సైట్ కుదురుతుందా?

కుదురుతుంది, చాలామంది చేస్తున్నారు. చేరేముందు రెండు సంగతులు అడగండి: మరుగుదొడ్డి ఉందా, సాయంత్రం పోత ఆలస్యమైతే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా. నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే వచ్చిన చట్టం ప్రతి సైట్‌లోనూ మరుగుదొడ్లు ఉండాలంది కాబట్టి మొదటిది మీరు బతిమాలుకోవాల్సిన విషయం కాదు. "అమ్మాయివి, ల్యాబ్‌లో ఉండు" అని దయ చూపించేవాళ్లతో జాగ్రత్త. ల్యాబ్ మంచిదే, ఏడాదంతా ల్యాబే అయితే మంచిది కాదు.

హిందీ రాదు, ఇబ్బందా?

కొంచెం. కడ్డీలు కట్టేవాళ్లు, షట్టరింగ్ వాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వస్తారు. చిత్తూరు వైపు తమిళమూ కావాలి. పని మాటలు ఓ యాభై వస్తే బండి నడుస్తుంది.

ఆదివారాలు ఊరికే ఉంటాం. తిరుపతి చుట్టుపక్కల చూసి నేర్చుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా?

సివిల్ విద్యార్థికి ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్న ఊరు అరుదు. కొండ ఎక్కేటప్పుడు ఫోను చూసుకోకండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఆ దారిలోనే భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించిన పొరల విరామం కనిపిస్తుంది: కింద పాత గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, రెండింటి వయసుకూ మధ్య కోట్ల ఏళ్ల ఎడం. పగుళ్లున్న పైరాయిలోకి వాన నీరు దిగితే ఏమవుతుందో 2021 నవంబరు, డిసెంబరుల్లో చూశాం, బండలు రోడ్డు మీదికొచ్చాయి. ఇప్పుడు వెళ్తూ వాలుగోడలు, నీరు బయటికొచ్చే రంధ్రాలు, పక్క కాలువలు గమనించండి. రంధ్రాలు మూసుకుపోయిన గోడ వెనక ఒత్తిడి ఎంతో లెక్కేసుకోండి, కాలేజీలో వేసిన అదే లెక్క.

అదే 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట మీద నిలబడి చూస్తే మట్టికట్టలో ఊట ఎందుకంత ప్రమాదమో అర్థమవుతుంది: నీటితోపాటు మట్టి రేణువులు కూడా బయటికొస్తే లోపల దారి పడుతుంది. తేట నీరు ఊరితే గమనించాలి, బురద నీరు వస్తే పరుగెత్తాలి.

ఊళ్లో 2023 నుంచి పూర్తిగా తెరుచుకున్న శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఉండనే ఉంది. కింద నడుస్తూ బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, వాన నీటి గొట్టాలు చూడండి. జాయింటు మీద బండి వెళ్లినప్పుడు వచ్చే చప్పుడు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుందో మీ ఇంజినీరును అడగండి.

ఏడాది అయ్యాక ఉద్యోగం ఖాయమా?

ఖాయం కాదు. శిక్షణ పూర్తిచేసినవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే విధానాన్ని చట్టం యజమానికే వదిలేసింది. చేతికొచ్చేది కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్, దాన్ని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో అనుభవంగా నమోదు చేసుకోవచ్చు. ఖాయమని ముందే మాటిచ్చి చేర్చుకునేవాళ్ల దగ్గర ఆ మాట ఒప్పందంలో రాయించండి.

గేట్, ఏఈఈ పరీక్షలకు చదువుకుంటూ చేయొచ్చా?

సైట్‌లో పొద్దున ఏడింటికి మొదలై సాయంత్రం అలసిపోయి వస్తారు. రోజుకు గంటన్నర దొరికితే గొప్ప. కాంక్రీటు, నేల, ఎస్టిమేషన్ సబ్జెక్టులు మాత్రం చదవకుండానే సగం ఎక్కుతాయి.

మధ్యలో మానేస్తే?

ఒప్పందం రద్దుకు రెండు వైపులా ఆర్థిక బాధ్యత ఉంటుంది. కారణం లేకుండా కంపెనీ తీసేస్తే మీకు పరిహారం. మీరు వదిలేస్తే శిక్షణ ఖర్చు తిరిగి అడగొచ్చు. కారణం ఏదైనా చెప్పకుండా మాయం కావద్దు, బోర్డుకు రాసి మానేయండి. మీ డిగ్రీ సర్టిఫికెట్ల అసలు కాపీలు మాత్రం మొదటి నుంచీ ఎవరి దగ్గరా ఉంచొద్దు.

సేఫ్టీ షూ, హెల్మెట్ మేమే కొనుక్కోవాలా?

కంపెనీ ఇవ్వాలి. షూ మీ సైజు లేదంటే వచ్చేదాకా పైకి ఎక్కనని చెప్పండి, చెప్పులతో స్లాబ్ ఎక్కొద్దు. 1.5 మీటర్లు దాటిన గొయ్యిలోకి పక్కలకు ఆనికలు లేకుండా దిగొద్దు. ఈ రెండింటికీ ఎవరు తిట్టినా పడండి. మీరు కొనుక్కోవాల్సినవి 5 మీటర్ల టేపు, చిన్న రసమట్టం, ఇండెలిబుల్ మార్కర్, చొక్కా జేబులో పట్టే పుస్తకం. ఫోను చాలదా అంటారు. తడి చేతులతో, ఎండలో, ఫోను తెర మీద ఏమీ కనపడదు.